మూఢంలో వేసిన పందిరి

పోయిన నెలలో ఒంగోలు బైపాసు పక్కన ఒక ఏసీ ఫంక్షన్ హాల్లో పెళ్లి పనులు చేసేవాళ్ల సమావేశం జరిగింది. మంటపాలు కట్టేవాళ్లు, డ్రోను కెమెరాలవాళ్లు, కేటరింగువాళ్లు, పెళ్లికూతుళ్లకు మేకప్ చేసే ఆడపిల్లలు అందరూ వచ్చి, ఒకరి ఫోన్లో ఒకరి నంబర్లు ఎక్కించుకుంటూ, ప్లేట్లు చేత్తో పట్టుకుని నిలబడే తింటూ మహా సందడిగా ఉన్నారు. ముప్పై ఐదేళ్లు పందిళ్లు వేసినవాణ్ణని నన్ను కూడా పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. అంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. నాతోపాటే పిలిపించుకున్న మా పాత ఫోటోగ్రాఫరు, మోకాళ్ల నొప్పులతో లేవలేకపోయినా మైకు మాత్రం గట్టిగా పట్టుకుని, ఈ ప్రాంతంలో ఇలాంటి మీటింగు మొట్టమొదట పెట్టింది ఈ భాయేనని మొదలుపెట్టి, పెళ్లికూతురు లేని పెళ్లికి తామంతా మేళంతో సహా తరలివెళ్లిన కథ చెప్పి హాలంతా నవ్వించాడు. నేనూ నవ్వాను. పాతికేళ్లుగా ఎవరు ఆ కథ ఎత్తినా నవ్వుతూనే ఉన్నాను, అలవాటైపోయింది. అయితే ఆ కథలో వాళ్లెవరికీ తెలియని సగం ఒకటుంది. నాతోపాటు అది తెలిసిన మనిషి మా అక్క ఒక్కతే, ఆవిడ కిందటేడు పోయింది. అందుకని ఇవాళ నా ఈడువాళ్లతో చెప్పుకోవాలనిపించింది.

మాది మార్టూరు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే సాయిబులం. నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పత్తి పండే నేల కాబట్టి పనికి లోటుండేది కాదు, చుట్టుపక్కల పల్లెల్లో ఎవరింట్లో పెళ్లి కుదిరినా ముందు మా ఇంటికొచ్చి పరుపు, దిండ్లు పురమాయించి వెళ్లేవాళ్లు. ఆ దూది నుసికి ఆయన ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఈలోగా స్పాంజి పరుపులు వచ్చి ఆ పనీ పడిపోయింది. నేను నాలుగు షామియానాలు, వంద కుర్చీలు సంపాదించుకుని పందిళ్ల పనిలోకి దిగాను. అక్కను సింగరాయకొండలో ఇచ్చాం. నాన్నకు పదేళ్లు మందులూ మాకులూ చూసి, ఆయన్ను సాగనంపి, అద్దంలో చూసుకునేసరికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నిటికీ పందిరి నాదే, నా ఇంటి గుమ్మానికి మాత్రం మామిడాకు లేదు. దీని మీద మా వంటమేస్త్రి వెయ్యి జోకులు వేసేవాడు. పెళ్లికూతుళ్లు నా పందిరి చూసి మురిసిపోతారుగానీ పందిరి వెనకాల ఉన్నవాణ్ణి ఒక్కతీ చూడదనేవాడు. నిజం చెప్పాలంటే అది జోకు కాదు, ఉన్న మాటే. పెళ్లి పనులు చేసేవాళ్లను ఎవరూ చూడరు. భోజనాల్లో చివరి బంతి మాది. ఫోటోల్లో మేముండం.

పర్చూరు నుంచి ఒకావిడ పూలజడలు అల్లడానికి వచ్చేది. ఆవిడా మావాళ్లే. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు తలాక్ చెప్పి వదిలేస్తే, పుట్టింటికొచ్చి, తల్లిని పోషించుకుంటూ ఈ పని నేర్చుకుంది. అప్పటికి ముప్పై రెండో ముప్పై మూడో ఉంటాయి. పూలజడ అంటే ఇప్పుడు పెట్టెలోంచి తీసి తగిలించే ప్లాస్టిక్ జడ కాదు. తెల్లవారకముందే మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మరువం ముందేసుకుని, అట్ట మీద సూదితో ఒక్కో మొగ్గ కుట్టుకుంటూ పోతే పెళ్లికూతురు పీటల మీద కూర్చునే వేళకు పూర్తయ్యేది. ఆ పని చూస్తుంటే నాకు నాన్న పరుపు కుట్టడం గుర్తొచ్చేది, వేళ్లు కదిలే తీరు ఒకటే.

ఆవిడకూ నాకూ మాటలు నడిచింది మహా అయితే పెళ్లికి నాలుగు. జడ అయిపోయాక బయటికొచ్చి, నేను మంటపానికి కట్టిన చామంతి దండలు చూసి వంక పెట్టేది. పువ్వు ముఖం గోడవైపు తిప్పి కట్టారేమండీ, చూసేది మనుషులా గోడలా అనేది. లోకమంతా నన్ను భాయ్ అని పిలిచేది. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా అన్నా అని గానీ భాయ్ అని గానీ అనలేదు. పందిరిగారూ అనేది. దాంట్లో ఏదో ఉందని నేను అనుకున్నాను, లేకపోతే లేదు, ఆ వయసులో మనిషికి ఆసరా ఏ గడ్డిపోచైనా చాలు.

ఒకసారి పర్చూరు దగ్గర ఒక రైతు ఇంట్లో మాఘమాసం పెళ్లి. పందిరి పక్కనే మిరప కల్లం, ఎర్రగా దుప్పటి పరిచినట్టు కాయలు ఆరబోసి ఉన్నాయి. ముహూర్తం వేళకు గాలి ఇటు తిరిగింది. పురోహితుడికి దగ్గు, పెళ్లికొడుక్కి తుమ్ములు, సన్నాయి ఆయనకు ఊపిరందక పాట మధ్యలో ఆగిపోయింది. నేను పరదాలు పట్టుకుని కల్లానికి అడ్డం కట్టడానికి పరిగెత్తుతుంటే, ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లల్లోంచి నీళ్లు కారుతూ, పగలబడి నవ్వుతోంది. నాకు ఆవిడ నవ్వు గుర్తుండిపోయింది అప్పుడే. మరో ఏడాదిపాటు నేను చేసిందల్లా, ఏ పెళ్లికి వెళ్లినా నా దగ్గరున్న ఒకే ఒక్క స్టాండు ఫ్యాను ఆవిడ కూర్చుని జడ అల్లే గదికి పంపించడం. పెళ్లికూతురి కోసమని అందరూ అనుకునేవాళ్లు. పెళ్లికూతుళ్లు కూడా అలాగే అనుకునేవాళ్లు.

అడగాలంటే ఎలా అడగాలి? మాలో మగవాడు వెళ్లి నేరుగా అడగడం లేదు. పెద్దవాళ్లు వెళ్లాలి. నాకు పెద్దదిక్కు అక్క. కానీ అక్కను పర్చూరు వాళ్లింటికి పంపిస్తే, అటు కాదంటే, వదిలేసిన ఆడదాని ఇంటికి సంబంధమని ఎవరో వచ్చి వెళ్లారని వీధంతా పాకిపోతుంది, ఆవిడ ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది. అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. ఆ ఏడు శుక్రమూఢం, దాని వెనకే ఆషాఢం వచ్చి పెళ్లిళ్లు రెండు నెలలకు పైగా ఆగిపోయాయి. మాకందరికీ చేతినిండా ఖాళీ. ఒకరి మొహాలు ఒకరం పెళ్లిళ్లలో చూసుకోవడమేగానీ ఒక పూట కూర్చుని మాట్లాడుకున్నది లేదు కాబట్టి, మా ఇంట్లో అందరికీ భోజనాలు పెడతానని పిలిస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆవిడా తల్లితో వస్తుంది. అక్క పక్కన కూర్చుని చెవిలో మాట వేస్తుంది. కాదంటే ఆ మాట అక్కడే పోతుంది. ఎంత తెలివిగా ఆలోచించానో అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పది రోజులు ముందే సైకిలు వేసుకుని ఊరూరూ తిరిగి నేనే స్వయంగా పిలిచాను. వంటమేస్త్రి, సన్నాయి మేళం, ఫోటోగ్రాఫరు, శుభలేఖలు వేసే ప్రెస్సాయన, పూలవాళ్లు, మొత్తం కుటుంబాలతో కలిపి అరవై మంది. పర్చూరు వెళ్లినప్పుడు ఆవిడ అరుగు మీద కూర్చుని దారం చిక్కు తీస్తోంది. ఫలానా రోజు మా ఇంట్లో భోజనం, మీరూ అమ్మగారూ తప్పకుండా రావాలి, మా అక్క కూడా వస్తోంది అన్నాను. సరేనండీ అంది. తలెత్తలేదు. ఎందుకు భోజనం అని అడగలేదు. ఎవరూ అడగలేదు. అడగకపోవడం నాకు వింతగా తోచకపోవడమే నేను చేసిన తప్పు.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉండేది, మీలో ఈ పని చేసినవాళ్లుంటే తెలిసే ఉంటుంది. ఎక్కడైనా సంబంధం కదులుతోందని గాలివార్త తెలిస్తే, శుభలేఖ చేతికొచ్చేదాకా ఆ ఇంటివాళ్లను ఆ మాట అడగకూడదు. నోట్లో నానితే చెడుతుందని నమ్మకం. అలా అత్యుత్సాహంతో అడిగి, తర్వాత ఆ సంబంధం తప్పిపోయి, వీడి నోరు మంచిది కాదని పేరు పడి పని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అడగకుండా ఎవరి సరంజామా వాళ్లు సిద్ధం చేసుకోవడమే మర్యాద. నన్ను గురించి మా వంటమేస్త్రి లెక్క వేశాడు. మూఢం మనకుగానీ సాయిబుకేం మూఢం. మనమంతా ఖాళీగా ఉండే రోజు చూసుకున్నాడు. ఇంటికి సున్నం వేయించాడు. అక్కను పిలిపిస్తున్నాడు. కొత్త చొక్కా తొడుక్కుని సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి పిలుస్తున్నాడు. ఇది పెళ్లి కాక మరేమిటి? ఈ మాట ఆయన పూలవాళ్లకు చెప్పాడు, పూలవాళ్లు ప్రెస్సాయనకు చెప్పారు, రెండు రోజుల్లో అందరికీ చేరింది. చేరనిది నా ఒక్కడికే.

ఆ రోజు పొద్దున నా ఇంటి ముందు నా షామియానా నేనే వేసుకున్నాను. నా జన్మలో అదే మొదలు. పక్కన గ్రానైట్ పాలిషింగు మిషన్లు గీపెడుతుంటే, తెల్లటి రాతిపొడి గుడ్డ మీద పడకుండా దులుపుకుంటూ, నాకు నేనే పనివాణ్ణి, నాకు నేనే ఆసామిని. మొదటి బస్సుకు అక్క దిగింది, తనకు అసలు సంగతి ఇంకా చెప్పలేదు. కాసేపటికి వంటమేస్త్రి రెండు గాడిపొయ్యిలకు సరిపడా గిన్నెలతో దిగి, నేను చెప్పిన కూరా అన్నం పక్కనబెట్టి బూరెలకు పిండి కలపడం మొదలుపెట్టాడు. పిచ్చి మమకారం అనుకున్నాను. తర్వాత సన్నాయి ఆయన పట్టు పంచెతో, డోలాయనతో సహా వచ్చి కూర్చుని శ్రుతి చేసుకున్నాడు. పూలవాళ్లు ఒత్తుగా కట్టిన గులాబీ దండలు రెండు తెచ్చి చల్లటి నీళ్ల బకెట్లో పెట్టారు. ఫోటోగ్రాఫరు కొత్త రీలు ఎక్కించుకుని వచ్చాడు. ప్రెస్సాయన ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టాడు, విప్పి చూస్తే శుభలేఖలు. నా పేరు బంగారు రంగులో అచ్చువేసి ఉంది. వధువు పేరు దగ్గర చుక్కలు పెట్టి వదిలేశాడు. అప్పటికిగానీ నా బుర్రకు ఎక్కలేదు.

అక్క నన్ను వంటింటి వెనక్కి లాక్కెళ్లి, "ఏరా, నాకు కూడా చెప్పకుండా ఎవత్తిని చేసుకుంటున్నావురా" అని పళ్లు నూరింది. ఎవత్తినీ లేదక్కా, వీళ్లే ఏదో అనుకున్నారు అని నేను చెబుతుండగానే వీధిలో ఆవిడ కనిపించింది. తల్లి చెయ్యి పట్టుకుని వస్తోంది. రెండో చేతిలో తడిగుడ్డ కప్పిన వెదురుబుట్ట. నేరుగా మా అక్క దగ్గరికి వచ్చి బుట్ట అందించింది. "పెళ్లికూతురి జుట్టు ఎంత పొడుగో తెలియదక్కా. కొంచెం పొడుగ్గానే అల్లాను. ఎక్కువైతే కింద కత్తిరించుకోవచ్చు." నావైపు ఒకసారి చూసి, తల వంచుకుని ఆడవాళ్లలోకి వెళ్లి కూర్చుంది. అక్క తడిగుడ్డ తీసింది. అంత మంచి జడ ఆవిడ ఏ పెళ్లికీ అల్లడం నేను చూడలేదు.

ఇక మేస్త్రి ఆగలేకపోయాడు. చేతిలో గరిటెతో పందిట్లోకొచ్చి, "భాయ్, ఆడపెళ్లివాళ్లు ఎన్నింటికొస్తారో చెప్పవయ్యా, అన్నం వార్చాలి" అన్నాడు. అరవై మంది నావైపు తిరిగారు. నిజానికి నేను చెప్పాల్సిన జవాబు పది అడుగుల దూరంలో చాప మీద కూర్చునే ఉంది. ఆ మాట ఆ క్షణాన అనేయొచ్చు కదా అని మీరనుకుంటారు. నేనూ తర్వాత వెయ్యిసార్లు అనుకున్నాను. కానీ అరవై మంది ఎదుట, ముందు మాటామంతీ లేకుండా, ఒక ఒంటరి ఆడమనిషిని వేలు పెట్టి చూపించడానికి నాకు నోరు రాలేదు. ఎవరూ రావడం లేదు, ఇది పెళ్లి కాదు అన్నాను. డోలాయన చెయ్యి డోలు మీదే ఆగిపోయింది. మరెందుకు పిలిచావయ్యా అని మేస్త్రి గట్టిగా అడిగాడు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పాను. ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్లందరికీ పెళ్లిళ్లు చేస్తున్నాం, ఒక్కసారైనా మనవాళ్లం మొదటి బంతిలో కూర్చుని వేడివేడిగా తిన్నామా, అందుకని పిలిచాను అన్నాను. ముందు సన్నాయి ఆయన నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. ప్రెస్సాయన మాత్రం శుభలేఖలు దండగైపోయాయని సణుక్కున్నాడు.

ఆకులు వేస్తే మళ్లీ చిక్కొచ్చింది. మొదటి బంతికి ఎవరూ కూర్చోరు. మీరు కానివ్వండి, మీరు కానివ్వండి అంటూ అందరూ బకెట్లు అందుకుని వడ్డించడానికి నిలబడ్డారు. వడ్డించేవాళ్లు ముప్పై మంది, తినేవాడు ఒక్కడు లేడు. చివరికి మేస్త్రి గరిటె ఎత్తి, "ఒరేయ్, కూర్చుంటారా, బూరెలు కుక్కలకు వెయ్యమంటారా" అని కేకలేస్తే సిగ్గుపడుతూ కూర్చున్నారు. ఆవిడ ఆకులో అన్నం నేనే వడ్డించాను. చాలండీ అని చెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడకూ నాకూ జరిగిన ఆఖరి సంభాషణ అదే. భోజనాలయ్యాక, నేను అసలు సంగతి చెవిన వేస్తే, అక్క ఆవిడను లోపలి గదిలోకి పిలుచుకుపోయింది. బయట మావాళ్లు ఇలా ఏటా మూఢంలో కలుసుకోవాలని, ఒకరి పని ఒకరు చెప్పుకోవాలని, పేదింటి పెళ్లికి అందరం కలిసి సాయం పట్టాలని ఉత్సాహంగా మాట్లాడుకుంటున్నారు. మా సంఘం అలా పుట్టింది. వాళ్లు నన్ను అధ్యక్షుణ్ణి చేస్తుంటే నేను లోపలి గది తలుపు వైపే చూస్తున్నాను.

తల్లీకూతుళ్లు మూడింటి బస్సుకు వెళ్లిపోయారు. అందరూ వెళ్లాక అక్క చెప్పింది. అక్క నా మాట ఎత్తేలోపే ఆవిడే తన సంగతి చెప్పేసిందట. కావలి నుంచి ఒక సంబంధం ఏడాదిగా అడుగుతున్నారట. రెండోపెళ్లివాడు, ఇద్దరు పిల్లలు. ఈవిడే ఏదో ఒక వంక చెప్పి వాయిదా వేస్తూ వచ్చిందట. దేనికోసం వాయిదా వేసిందో అక్క అడిగితే చెప్పలేదట. నా పెళ్లి మాట చెవిన పడిన మూడోనాడు తల్లితో సరేనందట. సోమవారం వాళ్లొచ్చి చక్కెర పంచి, మాట ఖాయం చేసుకుని వెళ్లారట. "మీ తమ్ముడికి కుదిరిందని తెలిశాక నేను ఇంక దేనికోసం ఆగాలక్కా" అని, అక్క చెయ్యి పట్టుకుని అంతసేపూ వదలలేదట. ఇదంతా చెప్పి అక్క ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. కుర్చీలు మడతపెట్టడానికి లేచాను.

వెళ్లి కావలివాళ్లకిచ్చిన మాట వెనక్కి తీసుకోమను, నేనొచ్చి వాళ్ల కాళ్లు పట్టుకుంటాను అని అక్క వారం రోజులు పోరింది. నేను ఒప్పుకోలేదు. మాట తప్పిన ఇళ్ల ముందు సగం వేసిన పందిరి ఊడదీసిన చేతులివి. అలాంటప్పుడు ఆ ఇంటి ఆడపిల్ల కిటికీలోంచి ఎలా చూస్తుందో నేను చూశాను. ఒకసారి మొగుడు వదిలేసినదానికి ఇప్పుడు మాట తప్పిందనే పేరు కూడా తేవడమా అనుకున్నాను. అది నా మంచితనమో, పిరికితనమో నాకు ఈనాటికీ తేలలేదు. రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ సంవత్సరం శ్రావణంలో పెళ్లిళ్లు మొదలయ్యాక, పర్చూరు నుంచి వేరే అమ్మాయి జడలు అల్లడానికి వచ్చింది. ఫ్యాను పంపమంటారా అని పనివాడు అడిగాడు. పెళ్లికొడుకు దగ్గర పెట్టు అన్నాను.

నేను మళ్లీ ఆ ప్రయత్నం చేయలేదు. ఎవరితోనూ కుదరక కాదు, ఎందుకో చేయాలనిపించలేదు. రెండు వేల సంవత్సరం దాటాక ఫంక్షన్ హాళ్లు వచ్చాయి, థర్మోకోల్ మంటపాలు వచ్చాయి, పందిరివాడితో అవసరం తగ్గింది. మా సంఘం పెరిగి పెద్దదై ఊరూరా పిల్లలు పెట్టింది. సాయంత్రం పూట ఇంట్లో నేనొక్కణ్ణే అన్నం వండుకుని తింటూ, ఎదుటి పీట ఖాళీగా ఉంటే, కావలిలో ఒక ఇంట్లో ఆవిడ ఇద్దరు పిల్లలకు వడ్డిస్తూ ఉంటుందని అనుకునేవాణ్ణి. సుఖంగా ఉందనే అనుకున్నాను. తెలుసుకోలేదు. తెలుసుకునే హక్కు ఉండాలి కదా.

ఈ కాలం పిల్లలు పెద్దా చిన్నా లేకుండా తొందరపడుతున్నారని, పరిచయమైన వారానికే ఇష్టమని ఫోన్లో చెప్పేసుకుంటున్నారని మన ఈడువాళ్లు నలుగురు కూర్చుంటే ఇదే మాట. మొన్న ఆ హాల్లోనూ నా పక్కన కూర్చున్న పెద్దాయన అలాగే విసుక్కున్నాడు. ఎదురుగా ఒక కెమెరా కుర్రాడు, మేకప్ చేసే అమ్మాయి మూలన నిలబడి ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. పెద్దాయన మాటకు నేను తల ఊపలేదు. ఒక్క మాట అడగడానికి అరవై మందికి భోజనాలు పెట్టినవాణ్ణి నేను. పది రోజుల ముందు, ఆ అరుగు దగ్గర, సైకిలు దిగి నేరుగా అడిగి ఉంటే, ఆవిడ తలెత్తి ఉండేది. పిల్లల్ని తొందరపడనివ్వండి.